ట్యూన్ ఎవరిది? గౌహర్ జాన్ రికార్డు నుంచి మీ ఫోన్ దాకా

ఈ ఎపిసోడ్ సొంతంగా పాటలు కట్టుకునేవాళ్ళ కోసం. రాత్రి పడుకోబోతుండగా ఒక ట్యూన్ తడుతుంది. ఫోన్‌లో వాయిస్ రికార్డర్ ఆన్ చేసి హమ్ చేస్తారు. తెల్లారాక దానికి నాలుగు కార్డ్స్ పెట్టి, ఫ్రెండ్‌తో పల్లవి రాయించి, ఇక అప్‌లోడ్ చేద్దామనుకునేసరికి చెయ్యి ఆగుతుంది. ఎవడన్నా కొట్టేస్తే? ముందు కాపీరైట్ తీసుకోవాలేమో?

చూడండి, "కాపీరైట్ తీసుకోవడం" అనే మాటలోనే చిన్న తిరకాసు ఉంది. రేషన్ కార్డులాగా ఎవరో మంజూరు చేస్తే వచ్చేది కాదు ఇది. ట్యూన్ మీరే కట్టి, ఎక్కడో ఒకచోట నిలబెట్టారా, అప్పటి నుంచే దాని మీద హక్కు ఉంది. రిజిస్ట్రేషన్ అంటే ఆ సంగతి ప్రభుత్వ పుస్తకంలో రాయించుకోవడం. అది ఎలా చేయాలి, ఎంత ఖర్చవుతుంది, అన్నీ చెప్తాను. కానీ ముందు ఒక నూట ఇరవై ఏళ్ళు వెనక్కి వెళ్దాం. మన దేశంలో పాట చేసినవాళ్ళ చేతిలోంచి పాట జారిపోయిన కథలు చూస్తే, రిజిస్టర్ చేయించుకోక పోయింది అన్నమాట ఎక్కడో గానీ వినపడదు. ఎక్కువ పోయింది రెండు దారుల్లో. చట్టంలో ఉన్న ఒక్క మాట వల్ల కొంత, కాగితం మీద పెట్టిన ఒక్క సంతకం వల్ల మిగతాది.

1902తో మొదలుపెడదాం. ఆ సంవత్సరం రెండు చోట్ల రెండు పనులు జరిగాయి. ఒకదానితో ఒకదానికి అప్పట్లో ఏ సంబంధమూ లేదు.

మొదటిది కలకత్తాలో. నవంబరు నెల. గ్రామఫోన్ కంపెనీ తరఫున ఫ్రెడ్ గైస్‌బర్గ్ అనే రికార్డింగ్ నిపుణుడు సామాను మొత్తం ఓడలో వేసుకుని వచ్చాడు. మైకులు లేవు అప్పటికి. పెద్ద కొమ్ములాంటి గొట్టంలోకి గొంతెత్తి పాడాలి, మూడు నిమిషాల్లో ముగించాలి. రాగాన్ని తీరిగ్గా గంటసేపు విస్తరించే గాయకులకు ఇది ఎంత ఇరుకో ఊహించుకోండి. ఆ ఇరుకులో ఒదిగి చూపించినావిడ గౌహర్ జాన్. పాట అయిపోగానే ఇంగ్లీషులో "నా పేరు గౌహర్ జాన్" అని గట్టిగా చెప్పేది. ఈ రికార్డులు ఇప్పుడు నెట్‌లో దొరుకుతాయి, చివరిదాకా వినండి, ఆ మాట వినపడుతుంది. ఎందుకు చెప్పేదంటే, ఆ మైనపు పలకలు జర్మనీలోని హానోవర్‌కి వెళ్ళాలి, డిస్కులు అక్కడ తయారవుతాయి. అక్కడి పనివాళ్ళకు ఈ పాట ఎవరిదో తెలియాలి కదా. ఇప్పుడు మనం ఫైల్‌కి మెటాడేటా పెడుతున్నామే, అదే పని ఆవిడ గొంతుతో చేసింది.

రెండోది లండన్‌లో. అప్పట్లో అక్కడ మధ్యతరగతి ఇళ్ళల్లో పియానో ఉండేది. కొత్త పాట వచ్చిందంటే దాని నొటేషన్ కాగితం కొనుక్కుని ఇంట్లో వాయించుకునేవాళ్ళు. పాట వ్యాపారం అంటేనే కాగితం వ్యాపారం. దాంతో దొంగ అచ్చులు వేసి వీధుల్లో చవగ్గా అమ్మే ముఠాలు బయల్దేరాయి. వాళ్ళని పట్టుకోవడానికి 1902లో అక్కడి పార్లమెంటు ఒక చట్టం చేసింది. అందులో సంగీత రచన అంటే ఏంటో చెప్పాల్సి వచ్చి ఇలా చెప్పారు: స్వరం గానీ, స్వరమేళం గానీ, అచ్చులోనో రాతలోనో గీతలోనో ఉన్నది. కాగితం దొంగల్ని పట్టుకోవడానికి కాగితం మీద ఉన్న సంగీతం అన్నారు. వాళ్ళ అవసరానికి అది సరిపోయింది.

ఇక మన సంగతి. 1914లో బ్రిటిష్ వాళ్ళ 1911 చట్టాన్నే కొద్దిపాటి మార్పులతో ఇక్కడ అమలు చేశారు. స్వాతంత్ర్యం వచ్చాక 1957లో మన సొంత కాపీరైట్ చట్టం చేసుకున్నాం, 1958 జనవరి 21 నుంచి అమల్లోకి వచ్చింది. ఇప్పటికీ అదే నడుస్తోంది, సవరణలతో. అయితే ఆ చట్టం రాసేటప్పుడు సంగీత రచన నిర్వచనం దగ్గర ఆ లండన్ వాక్యాన్నే దాదాపు ఉన్నదున్నట్టు తెచ్చి పెట్టారు. అచ్చులో, రాతలో, గీతలో ఉంటేనే సంగీతం!

గురువు పాడితే శిష్యుడు విని పట్టుకునే దేశం మనది. కచేరీలో మనోధర్మం ఏ పుస్తకంలోనూ ఉండదు. పొలంలో నాట్లు వేస్తూ పాడే పాటకి నొటేషన్ ఎవరు రాస్తారు? సినిమా సంగీత దర్శకుడు కూడా హార్మోనియం ముందు కూర్చుని పాడి వినిపిస్తాడు, అసిస్టెంట్లు వాద్యగాళ్ళ కోసం రాసుకుంటారు. అలాంటి చోట, పియానో కాగితాల కోసం లండన్‌లో పుట్టిన వాక్యం మన సంగీతానికి కొలబద్ద అయి కూర్చుంది. 1994లో పార్లమెంటు సవరణ చేసేదాకా, 1995లో అది అమల్లోకి వచ్చేదాకా అదే నిర్వచనం. ఇప్పుడైతే సంగీతంతో కూడిన రచన ఏదైనా చాలు, నొటేషన్ ఉంటే అదీ అందులో భాగం అంటారు. అంటే మీ ఫోన్‌లో హమ్ చేసిన ఆ ఫైల్ ఉంది చూడండి, 1957 మాటల ప్రకారం చూస్తే అది సంగీత రచనే కాకపోవచ్చు. ఇవాళ అవుతుంది. మనలో చాలామందికి ఈ తేడా తెలియనే తెలియదు.

సరే, చట్టంలో ఒక్క మాట అన్నాను కదా, అది ఇది. ఇప్పుడు సంతకం కథకి వద్దాం. ఇది సినిమాతో ముడిపడ్డది.

సినిమా పాట అంటే ట్యూన్ ఒకరిది, మాటలు ఒకరివి, గొంతు ఒకరిది, డబ్బు ఇంకొకరిది. పాట హిట్టయితే థియేటర్‌తో ఆగదు. రేడియోలో వస్తుంది, రికార్డు అమ్ముడుపోతుంది, హోటల్లో మోగుతుంది, పెళ్ళి బ్యాండు వాయిస్తుంది. ఆ తర్వాతి సంపాదన ఎవరికి వెళ్ళాలన్నదే గొడవ. 1960ల మొదట్లో హిందీ పరిశ్రమలో ఇది బయటపడింది. గాయకులకు కూడా రాయల్టీలో వాటా ఉండాలని లతా మంగేష్కర్ పట్టుబట్టారు. పాడినందుకు డబ్బు తీసుకున్నాక మన పని అయిపోయినట్టే అన్నారు మహమ్మద్ రఫీ. ఇద్దరూ కొన్నేళ్ళు కలిసి పాడలేదు. రఫీ ఎంత మంచి మనిషో అందరూ చెప్తారు, నేనూ నమ్ముతాను, కానీ ఈ విషయంలో లతా చెప్పిందే న్యాయం అని నా అభిప్రాయం.

1969లో స్వరకర్తలు, రచయితలు, మ్యూజిక్ పబ్లిషర్లు కలిసి ఒక సంఘం పెట్టుకున్నారు. ఇండియన్ పెర్ఫార్మింగ్ రైట్ సొసైటీ, పొట్టిగా ఐపీఆర్ఎస్. ఎక్కడ పాట వాడినా ఇంత ఫీజు అని ఒక రేటు పట్టిక ప్రకటించారు. సినిమా నిర్మాతలు, థియేటర్ల వాళ్ళు భగ్గుమన్నారు. మేం డబ్బిచ్చి చేయించుకున్న పాటకి మళ్ళీ మేమే కట్టాలా అన్నది వాళ్ళ వాదన. కాపీరైట్ బోర్డు 1973లో సంఘం వైపు తీర్పిచ్చింది. తర్వాత ఏడాది కలకత్తా హైకోర్టు దాన్ని తిరగేసింది. చివరికి సుప్రీంకోర్టు. 1977 మార్చి 14న తీర్పు వచ్చింది.

ఏం చెప్పారంటే, నిర్మాత డబ్బిచ్చి, తన సినిమా కోసం ఒక స్వరకర్తతో ట్యూన్ చేయించుకుంటే, దానికి మొదటి యజమాని నిర్మాతే. స్వరకర్తతో వేరేగా ఒప్పందం రాసుకుని ఉంటే తప్ప. చట్టంలో 17వ సెక్షన్‌లో ఉన్న మాటల్ని అలా చదివారు. "ఉంటే తప్ప" అన్న ఆ చివరి ముక్క చూడ్డానికి ఎంత న్యాయంగా ఉందో! కానీ కొత్త కుర్రాడు మొదటి సినిమా అవకాశం కోసం ఆఫీసు బయట బెంచీ మీద కూర్చుని ఉంటాడు. హక్కులు నావే అని రాయండి సార్ అని ఎక్కడ అడుగుతాడు? అడిగితే ఆ బెంచీ మీద ఇంకో నలుగురున్నారు. కాబట్టి కాగితం మీద స్వేచ్ఛ ఉంది, బెంచీ మీద లేదు.

ఈ తీర్పులో ఒక చిత్రం ఉంది. ధర్మాసనంలో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ ఉన్నారు. ఆయన తీర్పుతో ఏకీభవిస్తూనే విడిగా ఒక నోట్ రాశారు. మన చట్టం పాటకట్టినవాడిని గుర్తిస్తుంది గానీ పాడినవాడిని అసలు గుర్తించదు, ట్యూన్ కాగితం మీదికెక్కితేనే రక్షిస్తుంది, పార్లమెంటు ఈ సంగతి ఆలోచించాలి అని. ఇందాక మనం చెప్పుకున్న లండన్ వాక్యం ఆయన కంట పడిందన్నమాట. జడ్జిగా ఉన్న చట్టాన్నే అమలు చేశారు, మనిషిగా మనసులో మాట చెప్పారు. గాయకుల సంగతి పార్లమెంటుకి పట్టడానికి 17 ఏళ్ళు పట్టింది. ఇందాక చెప్పిన 1994 సవరణలోనే గాయకులకు, వాద్యగాళ్ళకు ప్రదర్శకుల హక్కులు మొదటిసారి వచ్చాయి. స్వరకర్త పోగొట్టుకున్నది తిరిగి రావడానికి ఇంకా ఎక్కువ కాలం పట్టింది.

ఈ మధ్యలో క్యాసెట్ల కాలం ఒకటి నడిచింది. చట్టంలో ఒక వెసులుబాటు ఉండేది. పాట ఒకసారి రికార్డయ్యాక, నోటీసిచ్చి, రాయల్టీ కట్టి, ఎవరైనా దాన్ని మళ్ళీ పాడించి క్యాసెట్ వేసుకోవచ్చు. 1980ల్లో టీ-సిరీస్ గుల్షన్ కుమార్ ఈ తలుపు బార్లా తెరిచారు. పాత హిట్లన్నీ కొత్త గొంతుల్లో చవక క్యాసెట్లుగా వచ్చాయి. మీ నాన్నగారిని అడగండి, బస్టాండులో క్యాసెట్ కొని ఇంటికొచ్చి వేస్తే వేరే గొంతు వినపడ్డ అనుభవం ఉండే ఉంటుంది. 2012లో ఆ నియమాన్ని బిగించారు. ఇప్పుడు కవర్ వెర్షన్ కోసం మొదటి రికార్డింగ్ జరిగిన సంవత్సరం ముగిశాక ఇంకో ఐదేళ్ళు ఆగాలి, ఏడాదికి కనీసం 50,000 కాపీలకు లెక్కగట్టి ముందే రాయల్టీ కట్టాలి. పైగా అది ఆడియో రికార్డింగుల కోసం పెట్టిన నియమం. గిటార్ పట్టుకుని వీడియో తీసి పెట్టే కవర్‌కి దాన్ని అడ్డం పెట్టుకోలేం.

ఇక 2012. అసలు మలుపు ఇది. కవి జావేద్ అఖ్తర్ 2010లో రాజ్యసభకు నామినేట్ అయ్యారు. లోపలికి వెళ్ళి తన వృత్తి గురించే మాట్లాడారు. గొప్ప పాటలిచ్చిన మనుషులు, వాళ్ళ కుటుంబాలు చివరికి ఎంత ఇబ్బందుల్లో బతికారో సభలో చెప్పారు. పరిశ్రమ నుంచి చాలా వ్యతిరేకత వచ్చింది. అయినా మే నెలలో రెండు సభలూ సవరణ బిల్లును ఆమోదించాయి, జూన్ 21 నుంచి అమల్లోకి వచ్చింది.

ఈ సవరణలో ఒక్క ముక్క మీకు బాగా గుర్తుండాలి కాబట్టి నెమ్మదిగా చెప్తాను. మీరు ఒక సినిమాకో, ఒక ఆల్బమ్‌కో ట్యూన్ చేశారు, లేదా పాట రాశారు. హక్కులన్నీ నిర్మాతకో లేబుల్‌కో రాసిచ్చేశారు. అయినా సరే, రాయల్టీలో మీ వాటా మీది. సినిమాతో పాటుగా థియేటర్లో వినిపించినందుకు రాదు. దాన్ని వదిలేస్తే మిగతా వాడకాలన్నిటిలో, అంటే రేడియో, టీవీ, స్ట్రీమింగ్ యాప్, హోటల్, కచేరీ, వచ్చిన రాయల్టీని హక్కు కొన్నవాళ్ళూ మీరూ చెరిసగం పంచుకోవాలి. ఈ వాటాను మీరు వదులుకుంటున్నట్టు ఒప్పందంలో రాయించుకున్నా అది చెల్లదు. మీ వారసులకు గానీ, ఐపీఆర్ఎస్ లాంటి కాపీరైట్ సొసైటీకి గానీ తప్ప ఇంకెవరికీ దాన్ని ఇవ్వలేరు. బెంచీ మీద కూర్చున్న కుర్రాడు అడగలేడు కాబట్టి, అడగక్కర్లేకుండా చట్టమే అడ్డం నిలబడింది. సంతకంతో పోయేదాన్ని సంతకంతో పోనివ్వకుండా చేశారు. ఇంకో సంగతి, ఒప్పందం రాసుకున్న రోజుకి వాడుకలో లేని కొత్త మాధ్యమం తర్వాత వస్తే, దాని హక్కు పాత కాగితంతో వెళ్ళిపోదు, పేరు పెట్టి రాసుకుని ఉంటే తప్ప. క్యాసెట్ రోజుల్లో స్ట్రీమింగ్‌ని ఎవరు ఊహించారు చెప్పండి? రేపు ఏమొస్తుందో మనకూ తెలియదు.

అయితే చట్టం మారినంత తేలిగ్గా మనసులు సర్దుకోవు. 2017 మార్చిలో ఏం జరిగిందో మీలో చాలామందికి గుర్తుండాలి. మన నెల్లూరు బాలు, ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారు, పాటల ప్రయాణానికి యాభై ఏళ్ళు నిండిన సందర్భంగా అమెరికాలో వరసగా కచేరీలు చేస్తున్నారు. చిత్ర గారు, చరణ్ గారు కూడా వెంట ఉన్నారు. అప్పుడు ఇళయరాజా గారి తరఫు నుంచి లీగల్ నోటీసు వచ్చింది, నా అనుమతి లేకుండా నా పాటలు వేదిక మీద పాడకూడదని. బాలు గారు ఫేస్‌బుక్‌లో ఆ సంగతి చెప్పుకున్నారు. ఇలాంటి చట్టం ఉందని నాకు తెలియదు, ఉందంటే పాటిస్తాను అన్నారు. మిగతా కచేరీలు ఇళయరాజా పాటలు లేకుండా సాగించారు.

తెలుగునాట, తమిళనాట జనం రెండుగా చీలిపోయారు. పాడింది ఆయనే కదా, ఆ పాట ఆయనది కాకుండా ఎలా పోతుంది అని ఒక వర్గం. కట్టింది ఈయన కదా అని ఇంకో వర్గం. చట్టం ఏమంటుందో చూద్దాం. గాయకుడికి ప్రదర్శకుడిగా హక్కు ఉంది, అది ఆ రోజు స్టూడియోలో ఆయన పాడిన ఆ పాడుకి సంబంధించింది. ఆ రికార్డింగ్‌ని వ్యాపారానికి వాడితే రాయల్టీలో వాటా కూడా 2012 తర్వాత ఉంది. కానీ ఆ ట్యూన్‌ని టికెట్లు అమ్మి కొత్తగా మళ్ళీ పాడాలంటే, అది ట్యూన్ హక్కుదారు అనుమతితో జరగాలి. ఎంత గొప్ప గొంతైనా ఇదే నియమం. అయితే ఆ లైసెన్సు తెచ్చుకోవడం మామూలుగా కచేరీ పెట్టే నిర్వాహకుల పని. గాయకుడి చేతికి నోటీసు వెళ్ళింది కాబట్టి మనందరికీ గుండె కలుక్కుమంది. చట్టపరంగా సరైనది అన్నిసార్లూ స్నేహానికి సరైనది అవ్వదు. 2019లో ఇద్దరూ మళ్ళీ ఒకే వేదికెక్కారు, అది చూసుకునే భాగ్యం అభిమానులకు దక్కింది. మరుసటి ఏడాది సెప్టెంబరులో బాలు గారు వెళ్ళిపోయారు.

ఇంకో మాట, మీ అక్క పెళ్ళిలో పాడుకుంటే ఎవరూ నోటీసు పంపరు. పెళ్ళి ఊరేగింపు, పెళ్ళికి సంబంధించిన వేడుకల్లో పాట వినిపించడాన్ని చట్టమే మినహాయించింది.

ఇప్పుడు రిజిస్ట్రేషన్. కాపీరైట్ ఆఫీసు ఢిల్లీలో ద్వారకలో ఉంది, కానీ అక్కడిదాకా వెళ్ళక్కర్లేదు, వాళ్ళ వెబ్‌సైట్‌లోనే దరఖాస్తు పెట్టొచ్చు. ఫారం 14 నింపాలి. ఇక్కడ చాలామంది తికమకపడేది ఏంటంటే, మీ దృష్టిలో అది ఒక పాట, చట్టం దృష్టిలో మూడు వస్తువులు. మాటలు సాహిత్య రచన, ట్యూన్ సంగీత రచన, రెండూ కలిసి రికార్డయిన ఆ ఫైల్ సౌండ్ రికార్డింగ్. మాటలకి 500 రూపాయలు, ట్యూన్‌కి 500, సౌండ్ రికార్డింగ్‌కి 2,000. దేనికది విడిగా దరఖాస్తు. దరఖాస్తు పెట్టగానే డైరీ నంబరు ఇస్తారు. తర్వాత 30 రోజులు ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పడానికి గడువు. ఆ పైన పరిశీలన, ఏదైనా తేడా ఉంటే మీకు లెటర్, మీ జవాబు, చివరికి సర్టిఫికెట్. నెలలు పట్టొచ్చు, ఓపిక కావాలి. ట్యూన్ దరఖాస్తుతో నొటేషన్ కూడా పెట్టమంటారు. చూశారా, వెనక తలుపు గుండా వెళ్ళగొట్టిన కాగితం ముందు తలుపు దగ్గర మళ్ళీ కనపడింది! హక్కు కోసం కాదులెండి, గుర్తుపట్టడం కోసం.

దీంతో ఏం ఒరుగుతుందంటే, కోర్టులో ఆ రిజిస్టర్ ప్రాథమిక సాక్ష్యం. ఈ ట్యూన్ వీళ్ళదే అని మొదట నమ్ముతారు, కాదని రుజువు చేయాల్సిన బరువు అవతలివాడి మీద పడుతుంది. రిజిస్టర్ చేయకపోతే కేసు వేయలేరా? వేయొచ్చు. భారతదేశం 1928 నుంచి బెర్న్ ఒప్పందంలో ఉంది. ఏ తతంగమూ లేకుండానే హక్కు పుట్టాలన్నది దాని మూలసూత్రం. బాంబే హైకోర్టు 2021లో ఒక తీర్పులో రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదని తేల్చి చెప్పింది. నన్నడిగితే, ఖాళీగా ఉన్న ప్రతి ట్యూన్‌కీ డబ్బులు పోయనక్కర్లేదు. బయటికి వెళ్తోంది, దాని మీద నాలుగు రూపాయలు రావొచ్చు అనుకున్నదానికి చేయించండి. మిగతా వాటికి తేదీలున్న ఫైళ్ళు, వాయిస్ నోట్లు, ఎడిటింగ్ ప్రాజెక్ట్ ఫైల్ భద్రంగా దాచుకోండి. మీకు మీరే రిజిస్టర్డ్ పోస్టులో సీడీ పంపుకుని కవరు విప్పకుండా దాచుకోవడం అనే పాత చిట్కా ఒకటుంది. చట్టంలో దానికంటూ ప్రత్యేక విలువేమీ లేదు, తేదీకి ఒక సాక్ష్యం, అంతే.

ఇన్ని సెకన్ల లోపు వాడుకుంటే తప్పు లేదు అనే మాట కూడా బాగా తిరుగుతోంది. మన చట్టంలో సెకన్ల లెక్క ఎక్కడా లేదు. 2008లో రామ్ సంపత్ అనే స్వరకర్త ఒక మొబైల్ ఫోన్ యాడ్ కోసం తాను చేసిన చిన్న ట్యూన్, క్రేజీ 4 అనే హిందీ సినిమా పాటల్లో వాడారని బాంబే హైకోర్టుకి వెళ్ళారు. జడ్జి రెండూ విన్నారు. పోలిక వినపడింది, సినిమా విడుదల ముందు రామ్ సంపత్‌కి అనుకూలంగా ఉత్తర్వు ఇచ్చారు. 2 కోట్ల రూపాయలకు రాజీ కుదిరిందని అప్పట్లో పత్రికలు రాశాయి.

మళ్ళీ సంతకం దగ్గరికే వస్తాను, ఎందుకంటే ఇప్పుడు బెంచీ లేదు గానీ వాట్సాప్‌లో పీడీఎఫ్ వస్తోంది. పాటకి ఇంత అని ఒకేసారి డబ్బు వేసి, మొత్తం హక్కులు మావే అనే ఛానళ్ళు ఉన్నాయి. అమ్మడం తప్పని అనను, డబ్బు అవసరం ఎవరికుండదు? కానీ అందులో ఎన్నాళ్ళకి అని ఉందో చూడండి. కాలం రాయకపోతే చట్టం ప్రకారం ఐదేళ్ళే. ఏ ప్రాంతానికో రాయకపోతే ఇండియాకే. "శాశ్వతంగా, ప్రపంచమంతటా" అని రాసి ఉంటే మాత్రం ఆ రెండు మాటలకి మీరు ఎంత ధర కడుతున్నారో ఆలోచించుకోండి. మీరు ఏదైనా కంపెనీలో ఉద్యోగం చేస్తూ ఆ పనిలో భాగంగా ట్యూన్ కడితే అది కంపెనీదే అవుతుంది. ఫ్రెండ్ స్టూడియోలో రికార్డ్ చేస్తే, ఆ రికార్డింగ్‌కి పూనుకుని బాధ్యత తీసుకున్నది ఎవరో వాళ్ళే సౌండ్ రికార్డింగ్‌కి నిర్మాత అవుతారు. అది ఎవరో ముందే ఒక మెసేజ్‌లో అయినా రాసుకోండి, స్నేహం కూడా నిలబడుతుంది. నెట్‌లో ఫ్రీగా దొరికిన బీట్ మీద పాడినవాళ్ళు ఇంకా జాగ్రత్త. ఆ బీట్ మీతో పాటు ఇంకో వెయ్యిమంది దగ్గర ఉంది. దాన్ని మీ సొంతమని యూట్యూబ్ కంటెంట్ ఐడీలో పెట్టిస్తే మిగతా వాళ్ళందరి వీడియోల మీద మీ క్లెయిమ్ పడుతుంది, వాళ్ళు ఊరుకోరు.

పాతవాటి మీద పాడేవాళ్ళకి ఒక్క సంగతి చెప్పి ముగిస్తాను, ఎందుకంటే మన దగ్గర దీని మీద అపోహ ఎక్కువ. స్వరకర్త బతికున్నంత కాలం, ఆ తర్వాత 60 ఏళ్ళు హక్కు ఉంటుంది. మొదట 50 ఉండేది. రవీంద్రనాథ్ టాగోర్ 1941లో పోయారు, 1991 చివరికి ఆయన రచనల గడువు ముగిసిపోతుందనగా పదేళ్ళు పొడిగించారు. ఈ లెక్కన 1847లో పోయిన త్యాగరాజస్వామి కృతులు అందరివీ. కానీ వాటిని ఫలానా విదుషీమణి పాడిన రికార్డింగ్ వేరే వస్తువు, దానికి విడిగా గడువు ఉంటుంది, విడుదలైన ఏడాది తర్వాతి నుంచి 60 ఏళ్ళు.

అన్నమయ్య దగ్గర ఇంకా చిత్రంగా ఉంటుంది. ఆయన పదిహేనో శతాబ్దపు మనిషి కదా, ఏ కీర్తనైనా హాయిగా తీసుకోవచ్చు అనుకుంటాం. మాటల వరకు నిజమే. కానీ తిరుమలలో దొరికిన రాగిరేకుల మీద సాహిత్యం ఉంది, రాగం పేరు ఉంది, స్వరం లేదు. మనం ఇవాళ వింటున్న ట్యూన్లలో చాలా భాగం ఇరవయ్యో శతాబ్దంలో కట్టినవి. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ గారు కట్టినవి కొన్ని, నేదునూరి కృష్ణమూర్తి గారు కొన్ని, గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్ గారు ఎన్నో. రాళ్ళపల్లి వారు 1979లో పోయారు, అంటే ఆయన కట్టిన వరసలకి 2039 చివరిదాకా గడువుంది. నేదునూరి వారు 2014లో, అంటే 2074. ఆ హక్కులు ఇప్పుడు ఎవరి చేతిలో ఉన్నాయో ఒక్కొక్క కీర్తనకీ విడిగా కనుక్కోవాల్సిందే. లేదంటే ఇంకో దారి ఉంది. రాగిరేకుల మీదున్న ఆ సాహిత్యం తీసుకుని వరస మీరే కొత్తగా కట్టుకోండి. అప్పుడు ఫారం 14లో స్వరకర్త అన్న గడిలో మీ పేరే రాస్తారు.

ఉంటానండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.